కార్బెట్ దొర చేతిలోని తేలికపాటి రైఫిల్

పోయిన ఏడాది మన సంఘం వార్షిక సమావేశంలో భోజనాల దగ్గర ఒక చర్చ లేచింది. ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి వచ్చిన ఒక సోదరుడు ప్రశ్న వేశాడు. పారాచూట్‌తో అడవిలో దిగిన పైలట్ దగ్గర, విడదీసి సంచిలో పెట్టుకునే చిన్న రైఫిల్ ఒకటి ఉండాలంటే అది ఎలాంటిదై ఉండాలి అని. ఇంక చూడండి, తలా ఒక మాట. ఒకరు పెద్ద గుండు ఉండాలన్నారు, ఒకరు ఆటోమేటిక్ కావాలన్నారు, మరొకరు రైఫిలే దండగ, అగ్గిపెట్టె చాలన్నారు. నేను సర్వీసులో చాలాకాలం వెపన్ ట్రైనింగ్ ఉస్తాద్‌గా గడిపినవాణ్ణి కాబట్టి అందరూ నా వైపు చూశారు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక నాకు జిమ్ కార్బెట్ గుర్తుకొచ్చాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనే ఉంది. అందుకే ఈ సంచిక కోసం ఆయన కథ రాస్తున్నాను.

ముందు ఆ చిన్న రైఫిల్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికా వాయుసేన తన పైలట్ల కోసం ఇలాంటివి కొన్ని చేయించింది. ఎం-6 అనే మడత తుపాకీకి పైన .22 హార్నెట్ బ్యారెల్, కింద .410 షాట్‌గన్ బ్యారెల్ ఉండేవి. ఎం-16కు మూలమైన డిజైన్ ఇచ్చిన యూజీన్ స్టోనర్ చేసిన ఏఆర్-7 రైఫిల్ 1959లో వచ్చింది. దాని బ్యారెల్, రిసీవర్, మ్యాగజైన్ మూడూ బట్టులోకి దూరిపోతాయి. బరువు కిలో చిల్లర. నీళ్లలో పడితే తేలుతుంది. పేల్చేది మనం రిక్రూట్లుగా ఉన్నప్పుడు చిన్న రేంజిలో పేల్చిన .22 రౌండే. మన 7.62 రౌండు ఒక్కదాని బరువుకు ఆ .22 రౌండ్లు ఏడు తూగుతాయి. కుందేలుకీ అడవికోడికీ అది సరిపోతుంది. ఎలుగుబంటి మీదికొస్తే సరిపోదు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకుని కార్బెట్ దగ్గరికి రండి.

జేమ్స్ ఎడ్వర్డ్ కార్బెట్ 1875 జూలై 25న నైనీతాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టర్. పెద్ద కుటుంబం. పిల్లవాడికి ఆరేళ్లు కూడా నిండకముందే తండ్రి చనిపోయాడు. పెద్దన్న టామ్ పోస్టాఫీసు పనిలోకి వచ్చి ఇంటి భారం ఎత్తుకున్నాడు. చలికాలం వస్తే కుటుంబమంతా కొండ దిగి కాలాఢూంగీలోని ఇంటికి వచ్చేది. ఇంటి వెనకే అడవి. పిల్లవాడికి బడి కంటే అదే పెద్ద బడి అయింది.

ఆయన ఆయుధాల వరస చూడండి, సోదరులారా. మొదట ఉండేలు. తర్వాత మట్టి ఉండలు విసిరే ఉండివిల్లు. ఆ తర్వాత మూతి నుంచి మందు కూరే పాత జోడు గొట్టాల తుపాకీ. అందులో ఒక గొట్టం పగిలిపోయింది. విరిగిన చోట ఇత్తడి తీగ చుట్టి దానితోనే అడవిలో తిరిగాడు. ఉన్నది ఒక్క గొట్టం, ఒక్క దెబ్బ. అది పేలాక మళ్లీ మందు కూరుకునే లోపు పరుగెత్తాలి, లేదా చెట్టెక్కాలి. అందువల్ల పేల్చడానికి ముందు చూడటం, వినటం అలవాటైంది. కోతి అరుపు, జింక కూత, పిట్టల గోల వింటే పులి ఎటు నడుస్తోందో చెప్పగలిగేవాడు. పదేళ్ల వయసులో క్యాడెట్‌గా, తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన రాబర్ట్స్ వంటి పెద్దల ముందు గురిపెట్టి కాల్చి, ఒక .450 మార్టినీ రైఫిల్‌ను వాడుకోవడానికి సంపాదించాడు. దానితోనే మొదటి చిరుతపులిని కొట్టాడు.

ఇల్లు గడవాలి కాబట్టి పై చదువు లేదు. పద్దెనిమిదేళ్లయినా నిండకుండానే రైల్వేలో చేరాడు. మొదట కట్టెల బొగ్గుల లెక్క చూసే ఫ్యూయల్ ఇన్స్పెక్టర్. తర్వాత బీహార్‌లో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు మార్పిడి కాంట్రాక్టు. బ్రాడ్‌గేజ్ బండిలో వచ్చిన సరుకును దించి, గంగ దాటించి, మీటర్‌గేజ్ బండికి ఎక్కించాలి. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే కూలీలతో కలిసి పని చేశాడు. సెలవు దొరికితే కుమావున్ కొండలకు పరుగు.

1907లో చంపావత్ ఆడపులి పని ఆయన మీద పడింది. అది నేపాల్‌లోనూ కుమావున్‌లోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్క. కార్బెట్ రెండు షరతులు పెట్టాడు. ప్రభుత్వం ప్రకటించిన బహుమతులు రద్దు చేయాలి, మిగతా వేటగాళ్లందరినీ వెనక్కి పిలవాలి. డబ్బు కోసం చంపేవాడిగా తనను లెక్కకట్టడం ఆయనకు ఇష్టం లేదు. దారిలో అడ్డదిడ్డంగా పేల్చేవాళ్ల తూటాకు బలి కావడం అంతకంటే ఇష్టం లేదు.

ఆఖరి రోజున తహసీల్దారు 298 మందిని పోగుచేసి కొండ పైనుంచి డప్పులు, కేకలతో పులిని తోలించాడు. కింద కార్బెట్ దగ్గర .500 బోరు రైఫిల్ ఉంది, రౌండ్లు మూడే ఉన్నాయి. రెండు కంటే ఎక్కువ పేల్చే అవకాశం రాదు, మూడోది అత్యవసరానికి అని ఆయన లెక్క. మూడూ పేల్చాడు. పులికి దెబ్బ తగిలింది గానీ అది ఇంకా నిలబడే ఉంది. ఖాళీ రైఫిల్ పడేసి, పరుగున వెళ్లి తహసీల్దారు తుపాకీ తీసుకొచ్చాడు. చూస్తే దాని గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య సందు ఉంది, పేలిస్తే మొహం మీదే పేలొచ్చు. అయినా ఇరవై అడుగుల దగ్గరకెళ్లి నోటికి గురిపెట్టి పేల్చాడు. ఆ గుండు నోటికి కాదు, పంజాకు తగిలింది. మొదటి గాయాలతోనే పులి పడిపోయింది.

నేను రిక్రూట్లకు ఈ కథ చెప్పేవాణ్ణి. మూడు రౌండ్లతో వెళ్లడం తప్పు అని కొందరు, ఆయన ధైర్యం గొప్పది అని కొందరు అనేవారు. నేను రెండోవాళ్లతో ఏకీభవించను. అది తప్పే. ఆ తప్పు దాచుకోకుండా ఆయనే పుస్తకంలో రాసుకోవడం గొప్ప.

ఆ పులిని చంపినందుకు సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు ఒక రైఫిల్ బహుకరించాడు. లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ చేసిన .275 మౌజర్. బట్టు మీద ఆ సంగతి చెక్కిన వెండి పలక ఉంటుంది. .275 అంటే మన లెక్కలో 7 మిల్లీమీటర్లు. పులి వేటకు దొరలు మోసుకు తిరిగే జోడు గొట్టాల రైఫిళ్ల పక్కన ఇది సన్నది, తేలికైనది. విడదీసి బట్టులో పెట్టుకునేది కాదు గానీ, మైళ్ల కొద్దీ కొండలెక్కేవాడు భుజానికి భారం లేకుండా మోయగలిగింది. పెద్ద పనికి .450/400 జోడు రైఫిల్ కూడా ఆయన దగ్గర ఉండేది. అయినా ఎక్కువ పేరు తెచ్చింది ఈ చిన్నదే.

1917లో కుమావున్ కొండల్లో మనుషుల్ని భర్తీ చేసి, 500 మందితో లేబర్ కంపెనీ తీసుకుని ఫ్రాన్స్ వెళ్లాడు. చలి, బురద, పరాయి తిండి. అయినా ఒక్కరిని తప్ప అందరినీ తిరిగి ఇళ్లకు చేర్చాడు. తర్వాత 1919 అఫ్ఘాన్ యుద్ధ సమయంలో వజీరిస్తాన్ వైపు పనిచేశాడు. మేజర్ హోదా వచ్చింది. ఆయన పులుల లెక్క అందరూ చెప్తారు. మన పేజీల్లో చెప్పుకోవలసింది ఈ 500 మంది లెక్క.

రుద్రప్రయాగ చిరుతపులి కేదార్‌నాథ్, బదరీనాథ్ యాత్ర దారిలో 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపింది. మన తెలుగువాళ్లు ఈనాటికీ యాత్రకు వెళ్లే దారే అది. విషం పెట్టారు, ఉచ్చులు వేశారు, కార్బెట్ రాత్రుళ్లకు రాత్రుళ్లు కాపు కాశాడు. చివరికి 1926 మే 2 రాత్రి గులాబ్‌రాయ్ దగ్గర మామిడి చెట్టు మీద కూర్చుని, మెడలో గంట కట్టిన మేక ఎరగా, .275కి టార్చిలైటు బిగించి వేచి ఉన్నాడు. గంట మోగింది, లైటు వెలిగింది, ట్రిగ్గర్ నొక్కాడు, వెంటనే లైటు ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియదు. తెల్లారేదాకా చెట్టు మీదే కూర్చుని, వెలుతురు వచ్చాక దిగి చూస్తే కొద్ది దూరంలో చిరుత చచ్చి పడి ఉంది.

ఇక అసలు కథ. చౌగఢ్ దగ్గర ఒక ముసలి ఆడపులి, ఎదిగిన దాని పిల్ల కలిసి 64 మందిని చంపాయి. 1929లో కార్బెట్ తల్లి అనుకుని పిల్లను కొట్టాడు. ఆ పొరపాటు వల్ల తల్లి ఇంకో ఏడాది ఊళ్ల మీద పడింది. 1930 ఏప్రిల్ 11న ఒక ఇరుకు లోయలో దిగుతున్నాడు. కుడి చేతిలో .275. నేల మీద గుడ్లు పెట్టే రాత్రి పక్షి గుడ్లు రెండు కనబడితే, పక్షుల గుడ్లు సేకరించే అలవాటు కొద్దీ ఎడమ చేతిలో పెట్టుకున్నాడు. ఒక పెద్ద బండ పక్కనుంచి దాటి వెనక్కి తిరిగి చూస్తే, ఎనిమిది అడుగుల దూరంలో పులి ఆయన మొహంలోకే చూస్తోంది.

రైఫిల్ మూతి పులికి అవతలి వైపు ఉంది. రెండు చేతులతో ఎత్తబోతే పులి దూకేస్తుంది. గుడ్లు చేతిలో ఉండటం వల్ల ఆ ఆలోచనే రాలేదు. ఒక్క చేత్తోనే రైఫిల్‌ను కంటికి కనబడనంత నిదానంగా ముప్పావు చుట్టు తిప్పాడు. చెయ్యి చచ్చుబడినట్టయింది. పులి కళ్లు ఆయన కళ్ల మీదే ఉన్నాయి. మూతి పులి వైపుకు రాగానే నొక్కాడు. పులి తల మెల్లగా వాలిపోయింది.

ఆ రోజు తనకు అడ్డం అనిపించే మూడు సంగతులే తనను కాపాడాయని ఆయన రాసుకున్నాడు. ఎడమ చేతిలో గుడ్లు, చేతిలో ఉన్నది తేలిక రైఫిల్ కావడం, అది మనిషి మరిగిన పులి కావడం. బరువు రైఫిల్‌ను ఒంటి చేత్తో అలా తిప్పడం ఎవరి తరమూ కాదు. తర్వాత ఆ గుడ్లు తీసుకెళ్లి దొరికిన చోటే పెట్టాడు. కాసేపటికి తల్లిపక్షి వచ్చి వాటి మీద కూర్చుంది. నాకు ఆ పులి కంటే ఈ పక్షే ఎక్కువ గుర్తుంటుంది.

వేటగాడిగా పేరొచ్చిన మనిషే క్రమంగా కెమెరా పట్టుకుని పులుల సినిమాలు తీశాడు. అడవి కోసం పోరాడాడు. 1936లో హెయిలీ నేషనల్ పార్కు ఏర్పడింది. ఆయన పోయాక దానికి ఆయన పేరే పెట్టారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది కూడా అక్కడే.

రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో లెఫ్టినెంట్ కల్నల్ హోదాతో మళ్లీ యూనిఫాం వేశాడు. బర్మా వెళ్లే సైన్యానికి ఛింద్వాడా అడవుల్లో జంగిల్ ట్రైనింగ్ ఇచ్చాడు. దారి ఎలా గుర్తుపట్టాలి, ఏ అడుగు ఎవరిది, ఏ చప్పుడు దేనిది, అడవిలో ఎలా బతకాలి అన్నదే పాఠం. అంటే మన ఎయిర్‌ఫోర్స్ సోదరుడి ప్రశ్నకు క్లాసు తీసుకున్న ఉస్తాద్ ఆయనే.

1947లో తోడుగా పెరిగిన అక్క మ్యాగీతో కెన్యా వెళ్లిపోయాడు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. 1955 ఏప్రిల్ 19న న్యేరీలో గుండెపోటుతో కన్నుమూశాడు. కుమావున్ ముసలివాళ్లు ఆయన్ని కార్పెట్ సాహిబ్ అంటారు. కాలాఢూంగీ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ .275 రైఫిల్‌ను 2015లో తయారుచేసిన కంపెనీయే తిరిగి తీసుకుంది.

ఇప్పుడు జవాబు. 1990ల్లో ఈశాన్యంలో మా పెట్రోలింగ్ పార్టీ పొగమంచులో దారి తప్పింది. రెండు రాత్రులు. భుజాన నాలుగు కిలోలకు పైనే ఉన్న ఎస్ఎల్ఆర్, ఒంటి నిండా రౌండ్లు. ఒక్క రౌండూ ఖర్చు కాలేదు. మమ్మల్ని బయటపడేసింది మాతో ఉన్న ఒక కొండజాతి నాయక్ చెవులు. నీటి చప్పుడు విని, వాగు పట్టుకుని, ఊరికి చేర్చాడు. ఆ రెండు రోజులూ రైఫిల్ బరువే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి నా లెక్క ఇది. అడవిలో బతకడానికి రైఫిల్ ఎంచుకుంటే తేలికైనది ఎంచుకోండి, అలసిపోయినా వదిలేయనిది. రౌండ్లు మూడు కాదు, యాభై ఉండాలి. అందుకే చిన్న కాలిబర్. విడదీసేది అయితే చీకట్లో ఖోల్నా-జోడ్నా రావాలి. జోడించిన ప్రతిసారీ గురి అదే చోట పడుతోందో లేదో ముందే రేంజిలో చూసుకోవాలి. ముక్కలుగా సంచిలో ఉన్న రైఫిల్ మీదికొచ్చే జంతువును ఆపదు, అది కడుపు కోసం మాత్రమే. పైగా మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత లైసెన్సు తుపాకీ ఉన్నా వేట నేరం. ప్రాణం మీదికొచ్చిన సంగతి వేరు, సరదా వేరు.

రైఫిల్ కంటే ముందు కళ్లు, చెవులు, ఓర్పు. పగిలిన గొట్టానికి తీగ చుట్టుకున్న పిల్లవాడు నేర్చుకున్నది అదే. డెబ్బై ఏళ్ల వయసులో జవాన్లకు నేర్పిందీ అదే.

జై హింద్.