మఠం నేర్పిన గృహధర్మం

క్రీ.శ. 476లో పశ్చిమ రోమను సామ్రాజ్యం కూలిపోయింది. ఇటలీ పాలన పరుల వశమైంది. అటువంటి సంక్షుభిత కాలంలో, క్రీ.శ. 480 ప్రాంతంలో, నర్సియా పట్టణంలోని ఒక ఉన్నత కుటుంబంలో పునీత బెనెడిక్టు జన్మించాడు.

విద్యాభ్యాసం కోసం ఆయన రోము నగరానికి వెళ్లాడు. అక్కడి యువకుల భోగలాలసత ఆయనకు ఏవగింపు కలిగించింది. చదువు మధ్యలోనే విడిచి సుబియాకో కొండలు చేరి, ఒక గుహలో మూడేళ్లు ఏకాంత తపస్సు చేశాడు. రొమానస్ అనే సన్యాసి తన వంతు రొట్టెలో కొంత మిగిల్చి, తాడుకు కట్టి గుహలోకి దించేవాడు. ఏకాంతవాసికి సైతం సాటి మనిషి ఆసరా తప్పలేదు.

ఆయన కీర్తి విని, సమీప మఠంలోని సన్యాసులు తమకు అధిపతిగా ఉండమని వేడుకున్నారు. కొద్ది కాలానికే, ఆయన విధించిన కఠిన క్రమశిక్షణను సహించలేక వారే ద్రాక్షారసంలో విషం కలిపారు. ఆయన ఆశీర్వదించగానే పాత్ర పగిలిపోయిందని పోప్ మొదటి గ్రెగరీ తన గ్రంథంలో వర్ణించాడు. బెనెడిక్టు వారిపై పగబూనలేదు. వారి కోసం దైవకరుణను అర్థించి, తిరిగి ఏకాంతానికి మరలిపోయాడు. అయినా శిష్యులు ఆయనను వెదుక్కుంటూ వచ్చారు. వారి కోసం ఆయన పన్నెండు మఠాలు స్థాపించాడు.

క్రీ.శ. 529 ప్రాంతంలో మోంటే కస్సినో కొండపై మరొక మఠాన్ని నెలకొల్పి, 73 అధ్యాయాల నియమావళిని రచించాడు. అందులో కాఠిన్యం కంటే మితత్వానికే పెద్దపీట వేశాడు. ప్రార్థనకు, శ్రమకు, పఠనానికి వేళలు నిర్ణయించాడు. వంటపని అందరూ వంతులవారీగా చేయాలన్నాడు. మఠంలోని పనిముట్లను బలిపీఠంపై ఉండే పవిత్ర పాత్రలతో సమానంగా చూడాలన్నాడు. ముఖ్య విషయాలలో అందరి సలహానూ, పిన్నవారి మాటను సైతం, అధిపతి ఆలకించాలన్నాడు. అతిథిని క్రీస్తుగా భావించి ఆదరించాలని, కలహించినవారు సూర్యాస్తమయంలోగా సమాధానపడాలని ఆదేశించాడు.

ఈ నియమాలలో ఇల్లు విడిస్తేనే ఆచరించదగినవి ఎన్ని? వంటింటి శ్రమను పంచుకోవడానికి, బిడ్డల మాట వినడానికి, రాత్రిలోగా కోపాన్ని విడనాడడానికి కాషాయం అవసరం లేదు. అందుకే నేటికీ ఎందరో గృహస్థ క్రైస్తవులు ఓబ్లేట్లనే పేరుతో బెనెడిక్టు మఠాలతో అనుబంధం పెట్టుకొని, సంసారంలో ఉంటూనే ఆ నియమావళి స్ఫూర్తిని పాటిస్తున్నారు.

క్రీ.శ. 547 ప్రాంతంలో బెనెడిక్టు పరమపదించాడు. 1944 ఫిబ్రవరిలో, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, బాంబుదాడికి మోంటే కస్సినో మఠం నేలమట్టమైంది. అనంతరం దానిని పునర్నిర్మించారు. 1964లో పోప్ ఆరవ పౌలు ఆయనను ఐరోపా పాలక పునీతునిగా ప్రకటించాడు. గోడలు కూలినా ఆయన బోధించిన ధర్మం కూలలేదు. మనుషులను విడిచి వెళ్లడం కంటే మనుషులతో కలిసి మెలగడమే కఠినతరమైన తపస్సని ఆయన జీవితం చాటుతోంది.