తోకచుక్కను పట్టుకున్న వైను బప్పు

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తెల్లవారుజామున సముద్రం మీద ఒక వెలుగు చూశాను. మా నాయన పడవ దీపం అన్నాడు. మా అవ్వ తోకచుక్కేమో, కీడు, చూడొద్దు అంది. నేను చూస్తానే ఉన్నా. అది మెల్లగా పైకి లేచింది. పడవ దీపం పైకి రాదు గదా! వేగుచుక్క అని సైన్సు టీచరు చెప్పారు.

వైను బప్పు గారు కూడా అట్లే విడవకుండా చూశారు. ఆయన 1927లో మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగారు. వాళ్ల నాన్న బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. అందుకే చిన్నప్పుడే దూరదర్శినిలో చూడగలిగారు. నేను దాన్ని పుస్తకంలో బొమ్మగానే చూశాను.

హైదరాబాదు ప్రభుత్వం స్కాలర్‌షిప్పుతో అమెరికాలో హార్వర్డుకు పోయారు. 1949 జూలై 2న ఆకాశాన్ని ఫోటోలు తీస్తుంటే చుక్కల మధ్య తెలియని వెలుగొకటి కనబడింది. పక్కపక్క చుక్కలు చోటు మారవు. ఇది కదిలింది. బాక్, న్యూకిర్క్ అనే వాళ్లతో కలిసి తోకచుక్కని తేల్చారు. ముగ్గురి పేర్లూ దానికి పెట్టారు. మళ్లీ రావాలంటే సుమారు 60,000 ఏళ్లు పడుతుందట!

మన దేశానికి తిరిగొచ్చి, పెద్ద దూరదర్శిని కోసం చీకటి ఉండే చోటు వెతికారు. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు దొరికింది. (మన కావలి కాదు.) అక్కడ కూడా కొండజనం ఉంటారు. అద్దం వెడల్పు 2.3 మీటర్లు. మన దేశంలోనే సానబెట్టారు.

పని జరుగుతుండగానే 1982లో 55 ఏళ్లకు జర్మనీలో చనిపోయారు. 1986లో దూరదర్శిని మొదలైంది. ఆయన పేరే పెట్టారు. ఆయన మాత్రం అందులోంచి ఒక్క చుక్కనీ చూడలేదు.