మాంత్రికుడి గొంతు ఎక్కడిది

శనివారం రాత్రుళ్ళు మా హాస్టల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. నలుగురైదుగురు తలో పాత్ర తీసుకుంటారు, ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంటుంది, మిగతా లోకమంతా ఒక్కడు నోటితో నడపాలి. సత్రం నడిపే అవ్వ దగ్గర్నుంచి గుహలో రాక్షసుడి దాకా అన్ని గొంతులూ వాడివే. మా గ్రూపులో ఆ ఒక్కడిని నేను.

పోయిన డిసెంబర్లో అందరం అరకు వెళ్ళాం. పగలు బొర్రా గుహలు చూసి, రాత్రి రూములో ఆట మొదలెట్టాం. గుహల ఊపులో ఒక కొండ మాంత్రికుణ్ణి విలన్‌గా దింపాను. గొంతు కోసం పెద్దగా ఆలోచించలేదు. పొద్దున సంతలో విన్న తెలుగుని విరిచి, సాగదీసి మాట్లాడేశాను. అందరూ పడీ పడీ నవ్వారు, ఒక్కడు తప్ప. వాడిది అరకు దగ్గర ఊరే. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, తెలుగు బళ్ళో నేర్చుకున్నాడు. ఆట అయ్యాక వరండాలో మెల్లగా చెప్పాడు, వాళ్ళ అమ్మమ్మ కిందికి దిగి విశాఖ వస్తే జనం ఆమెని సరిగ్గా ఇలాగే వెక్కిరిస్తారని. తర్వాతి శనివారం వాడు రాలేదు.

సారీ చెప్పాను. వాడు పర్లేదన్నాడు కానీ పర్లేదని అనిపించలేదు. పైగా నా సమస్య అలాగే ఉంది. విలన్‌కి గొంతు కావాలి, యాస వాడకుండా ఎలా? సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు తాతయ్యని అడిగితే, రంగారావుని చూడకుండా విలన్ల గురించి మాట్లాడకు అని టీవీలో పాతాళభైరవి పెట్టాడు. ఆ తర్వాత నెల రోజులు నేను చూసినవన్నీ ఆయన సినిమాలే. ఈ వ్యాసం అక్కడ్నుంచి పుట్టింది.

సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. నాన్న ఎక్సైజ్ శాఖలో ఉద్యోగి. పిల్లాడు పెరిగింది ఎక్కువగా నాయనమ్మ దగ్గర, మద్రాసులోనూ ఏలూరులోనూ. కాలేజీ చదువు విశాఖపట్నం, కాకినాడ. ఆ కాకినాడే ఆయన్ని నటుణ్ణి చేసింది. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంఘం ఉండేది, అంజలీదేవి కూడా అక్కడి నుంచి వచ్చినావిడే. రంగారావు తెలుగు నాటకాలతో పాటు షేక్‌స్పియర్ పాత్రలు ఇంగ్లీషులో వేసేవారు. వాటిలో షైలాక్ ఒకటి.

చదువయ్యాక ఫైర్ సర్వీసులో చేరారు. బందరులో, విజయనగరంలో ఫైర్ ఆఫీసర్‌గా చేశారు. ఘటోత్కచుడు ఖాకీ వేసుకుని ఫైరింజన్ పక్కన నిలబడటం ఊహించుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది. ఆ ఉద్యోగం వదిలి 1946లో వరూధిని సినిమాలో ప్రవరుడిగా వేశారు. హీరో. సినిమా ఆడలేదు. మళ్ళీ పిలిచినవాళ్ళు లేరు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు. మన సీనియర్లలో స్టార్టప్ మూతపడి క్యాంపస్ ఉద్యోగానికి తిరిగొచ్చినవాళ్ళుంటారు కదా, అలా.

కొన్నాళ్ళకి పల్లెటూరి పిల్లలో కంపనదొర అనే బందిపోటు వేషానికి కబురొచ్చిందట. బయల్దేరే సమయానికి తండ్రి చనిపోయారు. ఆ పనులు చూసుకుని మద్రాసు చేరేసరికి వేషం ఇంకొకరికి వెళ్ళిపోయింది. అదే సినిమాలో ఒక చిన్న వేషంతో సరిపెట్టుకున్నారు. ఆయన జీవితంలో నాకు బాగా గుర్తుండిపోయిన చోటు ఇది. తండ్రి పోయాడు, వేషం పోయింది, అయినా వెనక్కి వెళ్ళిపోలేదు. అదే 1950లో విజయావారి మొదటి సినిమా షావుకారులో సున్నపు రంగడు దొరికాడు. ఊరి రౌడీ.

1951 మార్చిలో పాతాళభైరవి. కె.వి.రెడ్డి డైరెక్షన్, కాశీమజిలీ కథల ఛాయలు, రాముడిగా ఎన్టీఆర్. అప్పటికి ఎన్టీఆరే కొత్త హీరో అంటే, రంగారావు ఇంకా కొత్త. పేరు నేపాళ మాంత్రికుడు. నేను చేసిన తప్పు చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. పరాయి దేశం వాడు, కొండల నుంచి వచ్చినవాడు, మంత్రాలు వేసేవాడు. వచ్చీరాని తెలుగు మాట్లాడించి ఉంటే హాలంతా నవ్వేది. ఆయన ఆ పని చేయలేదు. మాంత్రికుడి తెలుగు మిగతా అందరి తెలుగు కంటే దర్జాగా ఉంటుంది. గొంతు కిందనే ఉంటుంది, ఒక్కో మాట చివర అచ్చుని లాగి వదులుతాడు, నవ్వు ముందు గొంతులో మొదలై తర్వాత పెదాలకి వస్తుంది. వేళ్ళు మాత్రం ఎప్పుడూ ఊరికే ఉండవు. వాడికి ఒక ధైర్యవంతుడైన కుర్రాడు కావాలి, బలి ఇవ్వడానికి. అందుకని కుర్రాణ్ణి చూసినప్పుడల్లా వాడి కళ్ళు సంతలో గొడ్డుని బేరమాడేవాడిలా పైనుంచి కిందికి వెళ్తాయి. కాకినాడలో వేసిన షైలాక్ నడకా, వంపూ ఈ మాంత్రికుడిలోకి వచ్చాయని అంటారు. వచ్చే ఉంటాయి. షైలాక్‌కి కూడా ఎదుటి మనిషి ఒంట్లోంచి ముక్కే కావాలి.

అంటే గొంతు ఊరి నుంచి రాలేదు, ఆకలి నుంచి వచ్చింది. ఇది నేను నోట్‌బుక్‌లో రాసుకుని మిగతా విలన్ల మీద టెస్ట్ చేశాను. నర్తనశాల (1963)లో కీచకుడు. వీడికి కావలసింది వేరు, కాబట్టి గొంతూ వేరే. విరాటుడి కొలువులో వీణ్ణి అడ్డుకునేవాడు లేడు. అందుకే తొందర లేదు. సైరంధ్రిని చూశాక మాటలు నెమ్మదిస్తాయి, బరువెక్కుతాయి, మధ్యలో ఖాళీలు వస్తాయి. అరిచే రాక్షసుడి కంటే తొందరలేని ఈ మనిషే ఎక్కువ భయపెట్టాడు నన్ను. ఈ పాత్రకి 1964లో జకార్తా ఆఫ్రో ఆసియన్ ఫిలిం ఫెస్టివల్లో ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కీచకుణ్ణి అర్థం చేసుకున్నారన్నమాట.

భక్త ప్రహ్లాద (1967)లో హిరణ్యకశిపుడు అరుస్తాడు. బాగా అరుస్తాడు. కానీ కొడుకు రోజారమణిని దగ్గరికి తీసుకునేటప్పుడు అదే గొంతు మామూలు నాన్న గొంతైపోతుంది, మళ్ళీ గట్టిపడటానికి కష్టపడుతుంది. ఇది చూసేటప్పుడు మా నాన్న నా సెమిస్టర్ మార్కులు చూసిన రోజు గుర్తొచ్చింది, ఎందుకో వివరాలు వద్దు.

ఇప్పుడు మాయాబజార్ (1957). ఇందులో ఆయన విలన్ కాదు, కానీ నా గొడవకి ఇదే అసలు జవాబు. ఘటోత్కచుడు అడవిలో పుట్టినవాడు, హిడింబి కొడుకు. పట్నం కథలో అడవి మనిషి వస్తే సాధారణంగా ఏం చేస్తారో మనకి తెలుసు. పింగళి నాగేంద్రరావు రాసింది, రంగారావు చేసింది పూర్తిగా తిరగేసి ఉంది. సినిమాలో కొత్త మాటలు పుట్టించడం తప్పు కాదని చెప్పేది ఈ అడవివాడే. ఎవరో ఒకరు పుట్టించకపోతే భాషలోకి మాటలెలా వస్తాయని శిష్యుల పక్షాన నిలబడేది వాడే. గద భుజానికెత్తి, ఛాతీ ముందుకి పెట్టి, అడుగులో నేల అదిరేలా నడుస్తాడు. తర్వాత ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారితే, ఆ నడకా ఆ చూపూ సావిత్రి చేసి చూపించింది. సన్నటి అమ్మాయి, పెళ్ళి నగలు, లోపల ఘటోత్కచుడు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. మేనరిజం అంటే ఇదీ అని అప్పుడు అర్థమైంది నాకు, వేరే ఒంట్లోకి వెళ్ళినా గుర్తుపట్టగలగాలి. నా కొండ మాంత్రికుడి దగ్గర్నుంచి యాస తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకున్నాను. ఏమీ లేదు.

రంగారావు తర్వాత చదరంగం, బాంధవ్యాలు సొంతంగా డైరెక్ట్ చేశారు, రెండింటికీ నంది అవార్డులు వచ్చాయి. తెలుగులోనూ తమిళంలోనూ తాతలు, జమీందార్లు, నాన్నలు వేశారు. గుండె జబ్బుతో 1974 జులై 18న మద్రాసులో పోయారు. 56 ఏళ్ళు. మా నాన్న కంటే నాలుగేళ్ళు ఎక్కువ, అంతే. 2013లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆ 1974 మే నెలలోనే అల్లూరి సీతారామరాజు విడుదలైంది. అందులో మన్యం కొండల మీదికి వచ్చే రూథర్‌ఫర్డ్ దొరగా జగ్గయ్య. రేడియోలో వార్తలు చదివిన గొంతు. అది చూశాక నా విలన్‌ని మార్చేశాను. కొండవాడు పోయాడు, కొండకి రోడ్డు వేయించేవాడు వచ్చాడు. అసలు చరిత్రలో 1922 మన్యం తిరుగుబాటుకి ముందు గూడెం తహసీల్దారు బాస్టియన్ చేసింది అదే, ఆదివాసీలతో కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం.

పోయిన నెల వాడి రూముకి వెళ్ళి ఇదంతా చెప్పాను. కాసేపు విని, విలన్ని నువ్వు కాదు నేను వేస్తానన్నాడు. శనివారం వచ్చాడు. బాల్‌పాయింట్ పెన్ను ఒకటి పట్టుకుని, కూలి లెక్క చెప్పే ముందు ప్రతిసారీ టిక్కుమని నొక్కాడు. తెలుగు పాఠ్యపుస్తకం తెలుగు, తప్పులేని తెలుగు, చాలా మర్యాదగా. రెండో టిక్కుకే రూములో ఎవరూ నవ్వడం లేదు. పాచిక నా చేతికిచ్చాడు. ఎదిరించడానికి పదిహేను రావాలి. నాకు మూడు పడింది.