ఉస్మానియా శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చిత్రపటంలోనైనా చూడని విద్యార్థి మనలో అరుదు. దానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి పేరు ఎరిగినవారు మరీ అరుదు. ఆ మహాశిల్పి జీవితాన్ని సంగ్రహంగా పాఠకుల ముందుంచుతున్నాము.

ఎర్నెస్ట్ జాస్పర్ 1876లో బెల్జియం దేశంలో జన్మించారు. ఆయన స్వదేశీయుడైన పారిశ్రామికవేత్త ఎడ్వర్డ్ ఎంపైన్ 1905లో కైరో చెంత ఎడారిలో హీలియోపోలిస్ అనే నూతన నగరాన్ని తలపెట్టగా, దాని నిర్మాణంలో జాస్పర్ ప్రముఖ పాత్ర వహించారు. 1910లో ప్రారంభమైన అక్కడి ప్యాలెస్ హోటలు ఆయన సృష్టియే. తరువాతి కాలంలో అది ఈజిప్టు అధ్యక్ష భవనమైంది. ఇస్లామీయ కమానులు, గుమ్మటాల శిల్పరీతి ఆయనకు అక్కడే అలవడింది.

ఇక్కడ నిజాం రాజ్యంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యను ఉర్దూలో బోధించి దేశభాషలకు గౌరవం తెచ్చింది. అయితే దానికి తగిన సొంత భవనాలు లేవు. ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ గార్లను విదేశీ విశ్వవిద్యాలయాల పరిశీలనకు పంపింది. వారు ఈజిప్టులో జాస్పర్ ప్రతిభను గుర్తించారు. ఆయన హైదరాబాదుకు వచ్చారు.

అప్పటికాయనకు ఏబది ఏండ్లు దాటాయి. కీర్తికి కొదువ లేదు. అయినా నమూనా గీయుటకు ముందు ఆయన మరల విద్యార్థియై మన ప్రాచీన కట్టడాలను అధ్యయనం చేశారు. విశ్వవిద్యాలయం దేశభాషలో బోధిస్తున్నప్పుడు, దాని భవనం పరాయి భాషలో పలుకరాదు గదా! అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు, దక్కను సుల్తానుల కమానులు ఒకే గులాబి వన్నె గ్రానైటు రాతిలో ఒదిగాయి. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. జైన్ యార్ జంగ్ ప్రభృతుల కృషితో పూర్తియై, 1939 డిసెంబరు 4న ఆ భవనం ప్రారంభమైంది. మరుసటి ఏడే, 1940లో, జాస్పర్ కన్నుమూశారు.

జూపాడు బంగ్లా నుండి కర్నూలు వెళ్లే మన విద్యార్థులకు హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం కనబడుతుంది. తుంగభద్ర దాటితే అలంపురంలో చాళుక్యుల ఆలయాలున్నాయి. వీటిలో ఒకటి మనది, మరొకటి వారిది అని పంచుకొనుట మనలో కొందరికి అలవాటైంది. ఎక్కడి నుండియో వచ్చిన జాస్పర్ రెండింటి ముందూ శిష్యుడై నిలిచి, రెండింటినీ ఒకే కప్పు క్రిందికి చేర్చారు. మన విద్యార్థులు ఈసారి ఆ దారిని వెళ్లినప్పుడు రెండు చోట్లా కాసేపు ఆగి, తీరికగా చూడవలెనని మా కోరిక.