యూజీన్ హూడ్రీ: ఇంజిన్ వేగాన్ని ప్రేమించి, దాని పొగను శుద్ధి చేయబూనిన ఇంజినీరు

పెట్రోలు కారు అడుగున, పొగ గొట్టం మధ్యలో ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్ వదిలే విషవాయువులను అది చాలావరకు హాని లేని వాయువులుగా మారుస్తుంది. ఈ పరికరానికి ఆద్యుడిగా చరిత్ర గుర్తించిన వ్యక్తి యూజీన్ హూడ్రీ. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. రేసు కార్లంటే ప్రాణమిచ్చే ఆయనే పొగను శుద్ధి చేసే మార్గాన్నీ వెతికారు. అయితే ఆ పరికరం సామాన్యుల కార్లలోకి రావడాన్ని చూడకుండానే కన్నుమూశారు.

ఉక్కు నుంచి ఇంధనం వైపు

హూడ్రీ 1892 ఏప్రిల్ 18న పారిస్ సమీపంలోని డోమోన్‌లో జన్మించారు. తండ్రిది ఉక్కు వ్యాపారం. హూడ్రీ పారిస్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, తరగతిలో ప్రథముడిగా నిలిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి ట్యాంకు దళంలో పనిచేసి, 1917లో గాయపడ్డారు. ఆ పోరాటానికి సైనిక పురస్కారాలు పొందారు.

యుద్ధం ముగిశాక కార్ల పందేలు ఆయనను ఆకర్షించాయి. 1922లో అమెరికా వెళ్లి ఇండియానాపోలిస్ పందేన్నీ, ఫోర్డ్ కర్మాగారాన్నీ చూశారు. ఇంజిన్లు ఏటికేడాది మెరుగవుతున్నా, వాటికి తగిన ఇంధనం లేదని అప్పటికే గ్రహించారు. ఎక్కువ శక్తి కోసం సిలిండర్‌లోని పీడనాన్ని పెంచితే, నాసిరకం పెట్రోలు అదుపు తప్పి ముందుగానే మండిపోతుంది. ఇంజిన్ టకటక కొట్టుకుంటుంది, త్వరగా దెబ్బతింటుంది. ఇంజిన్ నుంచి మరింత శక్తి రాబట్టాలంటే ముందు మార్చవలసింది ఇంధనాన్నే అని ఆయన నిర్ణయించుకున్నారు.

మసిని మండించిన ఉపాయం

మొదట లిగ్నైట్ బొగ్గు నుంచి పెట్రోలు తీసే ప్రయత్నం చేశారు. ఫ్రెంచి ప్రభుత్వ సాయంతో 1929లో ఒక ప్రయోగాత్మక కర్మాగారం కూడా నడిచింది. ఖర్చు గిట్టుబాటు కాకపోవడంతో ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంది.

అప్పటికే ఆయన దృష్టి ముడిచమురులోని చిక్కటి భాగంపై పడింది. ప్రత్యేకమైన బంకమట్టి మీదుగా వేడి చమురు ఆవిరిని పంపితే అది విడిపోయి మేలైన పెట్రోలుగా మారుతుంది. ఇక్కడ బంకమట్టి ఉత్ప్రేరకం. అంటే తాను ఖర్చయిపోకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం. చిక్కు ఒక్కటే. కొద్దిసేపటికే దానిపై మసి పేరుకుపోయి అది పనిచేయడం మానేస్తుంది. చాలామంది శాస్త్రవేత్తలు అక్కడితో ఆగిపోయారు. హూడ్రీ మాత్రం గాలి ఊది ఆ మసిని మండించి, ఉత్ప్రేరకాన్ని మళ్లీ పనికి తెచ్చారు. ఒక పాత్రలో చమురు మారుతుండగా మరో పాత్రలో మసి కాలుతుంది. ఆ వేడి కూడా వృథా పోదు. ఇలా తయారైన పెట్రోలును తన బుగాటీ కారులో పోసి, కొండ ఎక్కించి పరీక్షించుకునేవారు.

1930లో అమెరికా చేరిన ఆయన అక్కడి చమురు కంపెనీలతో చేతులు కలిపారు. 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ సంస్థ పూర్తిస్థాయి కర్మాగారాన్ని ప్రారంభించింది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలకు అవసరమైన 100 ఆక్టేన్ పెట్రోలు తయారీలో ఈ పద్ధతి కీలకమైంది. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వాన్ని బాహాటంగా వ్యతిరేకించినందుకు ఆయన ఫ్రెంచి పౌరసత్వం రద్దయింది. 1942లో ఆయన అమెరికా పౌరుడయ్యారు.

సీసం అడ్డుపడింది

యుద్ధానంతరం లాస్ ఏంజెలిస్ వంటి నగరాలను పొగమంచు కమ్మేసింది. వాహనాల పొగ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతోందేమోనన్న ఆందోళన హూడ్రీని పట్టుకుంది. ఆక్సీ క్యాటలిస్ట్ అనే సంస్థను స్థాపించి, పొగ గొట్టంలో అమర్చే కన్వర్టర్‌పై పరిశోధన సాగించారు. 1956లో దానికి అమెరికా పేటెంటు లభించింది. గోదాములలోని ఫోర్క్‌లిఫ్టులకు, గనులలోని యంత్రాలకు ఇటువంటి పరికరాలు ఉపయోగపడ్డాయి.

కార్ల విషయంలో మాత్రం ఆయనకు దారి మూసుకుపోయింది. ఆక్టేన్ పెంచడానికి ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం ఉత్ప్రేరకంపై పూతలా పరుచుకుని దాన్ని నిర్వీర్యం చేసేది. మసి అయితే కాల్చవచ్చు, సీసాన్ని కాల్చి వదిలించుకోవడం సాధ్యం కాలేదు. 1962 జులై 18న హూడ్రీ మరణించారు.

అమెరికాలో 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం తర్వాత, 1975 మోడల్ కార్ల నుంచి కన్వర్టర్లు, వాటితోపాటు సీసం లేని పెట్రోలు వ్యాప్తిలోకి వచ్చాయి. భారత్‌లో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్మాలన్న నియమం వచ్చింది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో గానీ, దాని సమీపంలోని సాలువాలో గానీ నేడు రోడ్డెక్కే కొత్త పెట్రోలు కారు ఏదైనా ఈ పరికరంతోనే వస్తుంది.

నేటి ముప్పు ట్యూనింగ్

సీసం పోయినా ఉత్ప్రేరకానికి ఆపద తీరలేదు. నేటి కన్వర్టర్ సక్రమంగా పనిచేయాలంటే కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి అందాలి. ఇంజిన్‌లోని కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ సాయంతో ఈ పాళ్లను క్షణక్షణం సరిచూస్తుంది. అదనపు శక్తి కోసం బయటి గ్యారేజీలో ఆ కంప్యూటర్ లెక్కలను మార్పించి, పెట్రోలు మోతాదు పెంచితే మండని ఇంధనం కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. వేడి మితిమీరితే లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి, పొగకు దారి మూసుకుపోతుంది. పొగ వెనక్కి తన్నడంతో ఇంజిన్ శక్తి తగ్గుతుంది, వేడెక్కుతుంది. శక్తి కోసం చేసిన మార్పు చివరికి శక్తినే హరిస్తుంది. అరిగిన ఇంజిన్‌లో ఆయిల్ కాలినా, అందులోని భాస్వరం సీసంలాగే ఉత్ప్రేరకంపై పేరుకుంటుంది.

కన్వర్టర్‌ను ఊడదీయడం కూడా పరిష్కారం కాదు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు శుద్ధి కాకుండానే వీధిలోకి వస్తాయి. తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తోంది.

హూడ్రీ ఇంజిన్ శక్తికి వ్యతిరేకి కారు. బుగాటీని కొండ ఎక్కించినప్పుడూ ఆయన కోరింది మరింత శక్తినే. దాని కోసం ఆయన ఇంధనాన్ని మెరుగుపరిచారు, ఉత్ప్రేరకాన్ని కాపాడుకునే పద్ధతిని కనిపెట్టారు. మరణించిన 28 ఏళ్లకు, 1990లో, అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో ఆయన పేరు చేరింది.