వైద్యవృత్తి నుండి దేశసేవకు – డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

రోగికి నాడి చూసి మందిచ్చేవాడు వైద్యుడు. జాతి నాడిని పరీక్షించి, దాని బలహీనతకు మూలమేదో గ్రహించి, చికిత్సకు పూనుకొన్న వైద్యులు అరుదు. అట్టి అరుదైన వ్యక్తి డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

ఆయన 1880 నవంబరు 24న నాటి కృష్ణా జిల్లాలోని గుండుగొలను గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, ఆ పిమ్మట వైద్యవిద్య నభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టం పొందారు. బందరులో వైద్యవృత్తి ప్రారంభించి అనతికాలంలోనే మంచి పేరు గడించారు. పేదరికం ఎరిగిన కుటుంబానికి ఆ ఆదాయం ఎంతో ఆసరా. అయినా, వందేమాతరం ఉద్యమం రగిల్చిన స్వదేశీ భావం ఆయనను ఊరకుండనీయలేదు. సుమారు పదేళ్లు సాగిన వృత్తిని వదలి, తన కాలాన్నంతటినీ దేశానికి అర్పించారు.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు ఆయన పాటుపడ్డారు. చదువుతోపాటు చేతిపనిని కూడా నేర్పాలన్నది ఆ సంస్థ ఆశయం. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను నెలకొల్పి జాతీయభావాలను ప్రచారం చేశారు.

రోగలక్షణాన్ని గాక రోగకారణాన్ని వెదకడం వైద్యశాస్త్రం నేర్పే మొదటి పాఠం. డెల్టా రైతు పంట పండించి కూడా అప్పుల్లోనే మగ్గడానికి కారణం అధిక వడ్డీ అని పట్టాభి గుర్తించారు. ఆ ఆలోచన ఫలితమే 1923 నవంబరులో బందరులో వెలసిన ఆంధ్రా బ్యాంకు. ఒక లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలైన ఆ సంస్థ 1980లో జాతీయం చేయబడింది. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేవరకు అదే పేరుతో తెలుగువారికి సేవ చేసింది. బీమా రంగంలోనూ ఆయన సంస్థలు నెలకొల్పారు.

1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా ఆ సంస్థ చరిత్రను ఆంగ్లంలో రచించారు. 1939లో అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాస్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. బోస్‌కు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. ఆ ఓటమిని గాంధీజీ తన ఓటమిగానే భావించారు. పట్టాభి మాత్రం క్రుంగిపోక తన పని తాను చేసుకుపోయారు. 1942లో క్విట్ ఇండియా తీర్మానం అనంతరం అహమద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేల్ ప్రభృతులతో నిర్బంధంలో గడిపారు.

అఖిల భారత సంస్థాన ప్రజల మహాసభలోనూ ఆయన ప్రముఖ పాత్ర వహించారు. రాచరిక సంస్థానాల ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నది దాని కోరిక. 1947లో మైసూరు చలో ఉద్యమాన్ని చూసిన బెంగళూరు నగరవాసులకు ఆ కోరిక విలువ చెప్పనక్కరలేదు.

1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెసు అధ్యక్షులైనారు. అప్పుడే ఆయనకు కఠిన పరీక్ష ఎదురైంది. తొలినుండి ఆంధ్రరాష్ట్రం కోసం వాదించిన ఆయన, భాషారాష్ట్రాల విషయం పరిశీలించేందుకు నెహ్రూ, పటేల్‌లతోపాటు సభ్యులయ్యారు. విభజనవల్ల గాయపడిన దేశంలో భాషారాష్ట్రాలను వాయిదా వేయాలని 1949లో ఆ సంఘం నివేదించింది. ఆంధ్రకు మినహాయింపు ఇచ్చినా, మద్రాసు నగరంపై హక్కు వదులుకోవాలన్నది. స్వజనులు నొచ్చుకొన్నారు. ప్రాంతాభిమానం, దేశసమైక్యత అనే రెండింటి నడుమ నిలిచిన ఆయన, నివేదికపై సంతకం చేసి ఆ నిందను భరించారు. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తరువాత 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసు నగరం లేకుండానే ఏర్పడింది.

1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పట్టాభి పరమపదించారు.

సంపాదించిన విద్య స్వలాభానికే పరిమితం కారాదని ఆయన జీవితం చాటుతున్నది. గెలుపును వినయంతో, ఓటమిని నిబ్బరంతో, నిందను ఓర్పుతో స్వీకరించడం మన బాలబాలికలు ఆయననుండి నేర్వదగిన పాఠం.