బల్లకు రెండు వైపులా వి.వి. గిరి

మా హాలియాకు రైలు లేదు, ఎక్కాలంటే మిర్యాలగూడ పోవాలి. రైలు లేటైతే రైల్వే వాళ్ళని తిట్టుకుంటాం గానీ, వాళ్ళు తమ జీతాల గురించి ఎవరితో మాట్లాడుకోవాలో ఎప్పుడూ ఆలోచించం. ఒక తెలుగాయన జీవితం చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మనకేమో ఆయన జీకే బుక్‌లో నాలుగో రాష్ట్రపతి, అంతే.

వరాహగిరి వెంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమానికి దగ్గరయ్యారు. 1916లో అక్కడి నుంచి పంపించేశారు. తిరిగొచ్చి లాయరయ్యారు కానీ, మనసు కార్మికుల వైపు పోయింది. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. 1920ల చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం సమ్మె నడిపించారు. 1927లో జెనీవాలో జరిగిన ఐఎల్ఓ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1952లో నెహ్రూ కేబినెట్‌లో కార్మిక మంత్రి అయ్యారు. ట్రిబ్యునల్ తీర్పు చెప్పి గొడవ ఆపడం కాదు, యూనియన్, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి అన్నది ఆయన పట్టు. దానికి గిరి అప్రోచ్ అనే పేరు కూడా వచ్చింది. కేబినెట్‌లో మాత్రం అందరికీ నచ్చలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై వచ్చిన ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చింది. గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1974 మే 8న రైల్వే ఉద్యోగులు దేశమంతా సమ్మెకు దిగారు. ముందున్నది అదే ఫెడరేషన్. యజమాని మాత్రం ఇప్పుడు ప్రభుత్వమే. వేలమందిని జైల్లో పెట్టారు. 27న, డిమాండ్లు తీరకుండానే సమ్మె ముగిసింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. రాష్ట్రపతి కేబినెట్ సలహా ప్రకారమే నడవాలి, నిజమే. అయినా నాకు 1954 గిరే ఎక్కువ నచ్చుతారు.

ఆయన 1980 జూన్‌లో మద్రాసులో చనిపోయారు. సంఘం పెట్టుకునే, కలిసి బేరమాడే హక్కులపై ఐఎల్ఓ చేసిన 87, 98 ఒప్పందాలను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. ప్రభుత్వం చెప్పే కారణం, తన ఉద్యోగులకు ఆ హక్కులు పూర్తిగా ఇవ్వాల్సి వస్తుందని. మన క్లాసులో సగంమంది గవర్నమెంట్ జాబ్ కోసమే చదువుతున్నారు. రేపు ఆ బల్ల ముందు కూర్చోవాల్సింది మనమే.